డీజిల్ పొగ మరకలకు క్లే బార్ ఎంతవరకు పనికొస్తుంది?

తెల్ల డీజిల్ కారు వెనక బంపర్ మీద, సైలెన్సర్ గొట్టం పక్కన పట్టే నలుపు వట్టి దుమ్ము కాదు. మసికి జిడ్డు తోడై వేడికి గట్టిగా అంటుకుంటుంది. షాంపూకు లొంగదు.

క్లే బార్ అంటే పెయింటుకు అంటుకున్న మురికిని లాగేసే మెత్తటి బంకమట్టి లాంటి ముద్ద. నేరుగా క్లే బార్‌తో రుద్దితే ముద్ద క్షణాల్లో నల్లబడి పాడైపోతుంది. ముందు జిడ్డు వదలాలి. ఆల్ పర్పస్ క్లీనర్ ఒక వంతుకు పది వంతుల నీళ్లు కలిపి కొట్టి, రెండు నిమిషాలాగి, ఆరకముందే కడగాలి. మొండి చుక్కలకు తారు రిమూవర్. ఆ తర్వాతే క్లే: 100 గ్రాముల బార్‌లో పావు వంతు తుంచి చదును చేసి, షాంపూ నీళ్లు ధారాళంగా చల్లుతూ, నొక్కకుండా జార్చాలి. గరగర పోయి చేతికి నున్నగా తగిలితే ఆపేయాలి. ముద్ద కింద పడిందా, పారేయండి. ఒక్క ఇసుక రేణువు చాలు గీతలకు.

నల్లగొండ, పాలమూరు ఎండలో ఈ పని పొద్దున్నే నీడలో చేయాలి. వేడి రేకు మీద క్లీనరే మరకవుతుంది. బోరు నీళ్ల ఉప్పు చుక్కలు కట్టకుండా మైక్రోఫైబర్‌తో వెంటనే తుడవాలి.

మసికి, తారుకు క్లే బార్ మంచి సరుకే, పెట్టిన డబ్బుకు న్యాయం చేస్తుంది. పొగ వేడికి పసుపెక్కిన పెయింటును మాత్రం తెల్లబరచలేదు; దానికి పాలిష్, అదీ కాకుంటే పెయింటే. గరుకు నల్ల ప్లాస్టిక్ మీద అసలు వాడొద్దు. చివరన వ్యాక్స్ తప్పనిసరి, ఎందుకంటే క్లే బార్ అంతకుముందు పూసి ఉన్న వ్యాక్స్‌నూ లాగేస్తుంది.

వారంలోనే నలుపు తిరిగొస్తే ఎయిర్ ఫిల్టర్, ఇంజెక్టర్లు చూపించండి.