విత్తనం గిడ్డంగిలోనా, గట్టు మీదా?

విశాఖపట్నం జిల్లా ఆనందపురం, పద్మనాభం వంటి మండలాల మెట్ట పొలాల్లోకి చోడి (రాగి), సామ, గంటె (సజ్జ) పైర్లను, గట్ల మీది అడవి మొక్కలను తిరిగి తేవాలంటే రెండు దారులున్నాయి.

మొదటిది విత్తన నిధి. పటాన్‌చెరులోని అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ జన్యు నిధిలో ఆరబెట్టిన విత్తనాలను మైనస్ 20 డిగ్రీల చలిలో దశాబ్దాల పాటు సజీవంగా ఉంచుతారు. తూర్పు కనుమల్లో పెరిగే ఒక అడవి కందిని సాగు కందితో సంకరించి, ఆ మార్గంలో సంకర కంది వంగడాలను సాధించారంటే ఈ భద్రత విలువ ఎంతటిదో తెలుస్తుంది. అయితే అక్కడి విత్తనం మారుతున్న వానలకు, కొత్త తెగుళ్ళకు తగ్గట్టు మారదు.

రెండోది పొలంలోనే నిలుపుకోవడం. రైతు ఏటా మంచి చోడి వెన్నులను ఏరి మళ్ళీ విత్తినప్పుడు ఆ నేలను, ఆ ఎండను తట్టుకున్న మొక్కలే తరతరాలుగా మిగులుతాయి; గట్టు మీది తంగేడును, తుమ్మిని కలుపు మందు కొట్టకుండా వదిలితే తేనెటీగలకు, పురుగులను తినే మిత్ర కీటకాలకు ఆశ్రయం దొరికి, పక్కనున్న కంది, నువ్వు చేలకు మేలు కలుగుతుంది. వరుసగా వానలు తప్పితే దాచిన విత్తనం తిండికే ఖర్చవుతుందన్న భయం మాత్రం నిజమైనదే. నగర శివారు పొలం లేఅవుట్‌గా మారితే గట్టే మిగలదు.

అందుకే నా మొగ్గు పొలం వైపే, అయితే ప్రతి రకం నుంచి గుప్పెడు గింజలు ముందుగా నిధికి చేరాలి.