టర్కీ పాట వినాలంటే ఎక్కడ కూర్చోవాలి, రికార్డులు ఎక్కడ వెతకాలి

ఇస్తాంబుల్ హోటల్లో "ఇక్కడి సంగీతం ఎక్కడ వినొచ్చు?" అని అడిగితే మామూలుగా రెండు కాగితాలు చేతిలో పెడతారు. ఒకటి దర్వీషుల (గుండ్రంగా తిరిగే సూఫీ సాధువుల) షో, రెండోది బోస్ఫరస్ మీద డిన్నర్ క్రూజ్. క్రూజ్ జోలికి మాత్రం పోకండి. కీబోర్డు మీద నాలుగు హిట్ పాటలు, బెల్లీ డాన్సు, హడావిడిగా వడ్డించే భోజనం తప్ప అందులో పాట కోసం వచ్చినవాళ్లకు దొరికేది ఏమీ ఉండదు. దర్వీషుల సంగతి వేరు, దాని గురించి తర్వాత చెబుతాను.

నేను ఎక్కడికి వెళ్లినా చూసుకునేది ఒకటే: వినడానికి వచ్చినవాళ్లకు ఆ పాటలు నోటికి వచ్చా రావా? వస్తే ఆ చోటు మంచిదే.

ఈ లెక్కన నాకు అన్నిటికంటే నచ్చినవి జానపద పాటల బార్లు. ఇస్తిక్‌లాల్ వీధి మధ్యలో గలతసరాయ్ స్కూలు ఉంటుంది. ఆ దగ్గర్లోని హస్నున్ గాలిప్ సందు వీటికి పేరు. బోర్డులు మారుతుంటాయి, ఒకటి మూసేస్తే ఇంకొకటి తెరుస్తారు. అందుకే పేరు పట్టుకుని వెతకొద్దు, మెట్ల దగ్గర నిలబడి లోపలి పాట విని వెళ్లండి. రాత్రి పదయితే గానీ ఊపు రాదు. చిన్న వేదిక మీద బాలామా అనే పొడుగు మెడ తీగవాద్యం పట్టుకున్న ఒక గాయకుడు, పక్కన తాళవాద్యం, ఒక్కోసారి వేణువు. నేను కూర్చున్న బల్ల పక్కన ఒక కుటుంబం ఉంది, అమ్మమ్మ దగ్గర్నుంచి కాలేజీ పిల్ల దాకా. ఆ పిల్ల పేపర్ నాప్కిన్ మీద పాట పేరు రాసి వెయిటర్ చేత పంపింది. గాయకుడు చదివి, తల ఊపి, రెండు తీగలు సవరించుకుని మొదలుపెట్టాడు. రెండో చరణానికి హాలంతా పాడుతోంది. కాసేపటికి కొందరు లేచి చిటికెన వేళ్లు కలుపుకుని వరసగా హలాయ్ ఆడారు. ఆ అమ్మమ్మ కూర్చున్న చోటే కళ్లు తుడుచుకుంటూ పాడింది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు, అయినా లేవబుద్ధి కాలేదు. ఇక్కడ ఖర్చు తాగేదానికీ చిరుతిళ్లకే. కాకపోతే బల్ల మీద అడగకుండా పెట్టే పళ్ల పళ్లేనికి బిల్లు వేస్తారా అని ముందే అడగండి.

నెవిజాదె సందులోనూ, 1876లో కట్టిన చిచెక్ పసాజీ లోపలా ఉన్న మెయ్‌హానెల్లో, అంటే మందు, భోజనం కలిసి దొరికే చోట్లలో, ఫసిల్ అనే పాటల వరస వినిపిస్తుంది. కానూన్, ఊద్ అనే తీగవాద్యాలు, క్లారినెట్, దర్బుకా డోలుతో బల్లల మధ్యే తిరుగుతూ వాయిస్తారు. మీ బల్ల దగ్గర ఆగి వాయిస్తే డబ్బులివ్వడం అక్కడి పద్ధతి, కొంత చిల్లర దగ్గర పెట్టుకోండి. శుక్ర, శనివారాల్లో ఫిక్స్‌డ్ మెనూ తప్ప ఇంకోటి ఇవ్వని చోట్లు చాలా. అందులో ఏమేం వస్తాయో, డ్రింకులు కలిపా కాదా, కూర్చోకముందే తేల్చుకోవాలి. ఒక చోట నాకు చెప్పిన రేటుకీ బిల్లుకీ పొంతనే లేదు, గట్టిగా అడిగాక తగ్గించారు. సంగీతం బాగానే ఉంటుంది గానీ గిన్నెల చప్పుడులో సగం పోతుంది.

శాస్త్రీయ సంగీతం శ్రద్ధగా వినాలంటే హర్బియేలోని జెమాల్ రెషిత్ రేయ్ హాలుకు వెళ్లండి. 1989లో తెరిచిన హాలు, శబ్దం చక్కగా ఉంటుంది. 1975లో మొదలైన ప్రభుత్వ శాస్త్రీయ గాన బృందం లాంటివాళ్లు నగరంలో కచేరీలు చేస్తారు. సీజన్ అక్టోబరు నుంచి మే దాకా, వేసవిలో దాదాపు ఏమీ ఉండవు. టికెట్టు టూరిస్టు షోలో నాలుగో వంతు కూడా కాలేదు నాకు. నా చుట్టూ పెద్దవయసు ఆడవాళ్లు, చక్కగా తయారై వచ్చి, పెదవులతో ప్రతి మాటా కలుపుతున్నారు. టూరిస్టు అనేవాళ్లు కనిపించలేదు.

మన కర్ణాటక సంగీతం కాస్త చెవిన పడ్డవాళ్లకు ఇక్కడ గొప్ప ఆనందం ఉంది. తక్సీమ్ అంటే మన ఆలాపనే. మకామ్ అంటే వాళ్ల రాగం. హిజాజ్ మకామ్ మొదలవగానే మాయామాళవగౌళ మొదటి నాలుగు స్వరాలు గుర్తొస్తాయి. సరళీ వరసలు నేర్చుకున్న ప్రతి పిల్లకీ తెలిసిన స్వరాలే. వాయించేటప్పుడు రెండోది రవ్వంత పైకి, మూడోది రవ్వంత కిందికి జరుగుతాయి. ఆ రవ్వంతలోనే టర్కీ ఉంది. వాళ్లు ఒక పూర్తి స్వరం దూరాన్ని కోమాలనే తొమ్మిది చిన్న భాగాలుగా లెక్కేస్తారు.

ఇది కళ్లతో చూడాలంటే త్యూనెల్ నుంచి గలతా గోపురం వైపు దిగే గాలిప్ దెదె వీధికి వెళ్లండి. అటూ ఇటూ వాద్యాల షాపులే. ఒక షాపాయన బాలామా నా ఒళ్లో పెట్టి, మెడ మీద నైలాన్ దారంతో కట్టిన మెట్లను గోటితో జరిపి చూపించాడు. మన వీణకు ఒక స్థాయిలో పన్నెండు మెట్లు, మైనంలో కదలకుండా ఉంటాయి. ఇక్కడ మామూలుగా పదిహేడు, అవీ జరుగుతాయి. తర్వాత రెండు వాద్యాల బుర్రలు వేలి కణుపుతో తట్టాడు. ఒకటి మల్బరీ దుంగను తొలిచి చేసింది, ఇంకొకటి చెక్క పట్టీలు అతికించింది. తొలిచిన దాని నాదం గుండ్రంగా వస్తుంది, ధర కూడా ఎక్కువే. గోడకు వేలాడే రంగురంగుల చిన్న సాజ్‌లు (బాలామాకే ఇంకో పేరు) అలంకారానికే, శ్రుతి నిలవదు. నిజంగా వాయించాలనుకునే వాళ్లు జురా తీసుకోండి. బాలామా కుటుంబంలో అన్నిటికంటే చిన్నది, విమానంలో చేతిలోనే తెచ్చుకోవచ్చు.

అదే వీధి పైభాగంలో 1491 నాటి గలతా మెవ్లెవీ దర్వీషుల మఠం ఉంది, ఇప్పుడు మ్యూజియం. కొన్ని ఆదివారాలు అక్కడ సెమా, అంటే దర్వీషులు తిరిగే ఆ ప్రార్థన, జరుగుతుంది, తేదీలు అక్కడే కనుక్కోవాలి. సిర్కెజీలో పాత హమామ్ భవనంలో నడిచే హోజాపాషా షో టూరిస్టుల కోసమే అయినా మర్యాదగా చేస్తారు. ముందు ప్రవక్తను కీర్తించే నాత్, కుదూమ్ అనే జంట డోళ్ల మీద దెబ్బలు, ఒంటరి నేయ్ (రెల్లు వేణువు) ఆలాపన, ఆ తర్వాతే తిరగడం. చాలామంది తిరగడం మొదలయ్యేదాకా ఫోన్లు చూసుకుంటారు. సంగీతం కోసం వెళ్లేవాళ్లకు ఆ మొదటి భాగమే ముఖ్యం. చప్పట్లు కొట్టకూడదు.

దర్వీషుల కోసమే అయితే ఇస్తాంబుల్ నుంచి కోన్యాకు హైస్పీడ్ రైలు ఉంది, నాలుగున్నర, ఐదు గంటల ప్రయాణం. మెవ్లానా అని పిలిచే సూఫీ కవి రూమీ వర్ధంతి డిసెంబరు 17, ఆ ముందు రోజులన్నీ ఉత్సవమే. గదులు దొరకవు, దొరికినా రేట్లు మండిపోతాయి. అప్పుడు వెళ్లాలంటే నెలల ముందే బుక్ చేసుకోవాలి. హడావిడి వద్దనుకుంటే మామూలు శనివారాల్లో మెవ్లానా సాంస్కృతిక కేంద్రంలో జరిగే సెమా చూసుకోండి. పెద్ద హాలు, ఎక్కువమంది స్థానికులే, మనసుకు పట్టేది అదే.

కప్పడోసియాలో బెలూన్లు ఎక్కడానికి వెళ్లే మన తెలుగువాళ్లు ఎంతమందో. అక్కడి నెవ్‌షెహిర్ నుంచి వంద కిలోమీటర్లలోపే కిర్‌షెహిర్ ఉంది. 2019లో యునెస్కో సంగీత నగరంగా గుర్తించింది. జానపద గాయకుడు నెషెత్ ఎర్తాష్ ఊరు అది. ప్రభుత్వం రాజ్య కళాకారుడి బిరుదు ఇస్తానంటే వద్దన్న మనిషి. 2012లో పోయాక తండ్రి ముహర్రెమ్ ఎర్తాష్ పాదాల దగ్గరే పూడ్చారు. చూడ్డానికి అందమైన ఊరేమీ కాదు. కానీ బోజ్‌లాక్ అనే జానపద విలాప గీతాలు పుట్టిన మెట్ట నేల మీద నిలబడి ఆయన గొంతు వింటే ఆ పొడుగాటి కేక ఎందుకో తెలుస్తుంది.

బస విషయానికి వస్తే, సుల్తానహ్మెత్‌లో మసీదులన్నీ దగ్గరే గానీ రాత్రి కచేరీ అయ్యాక తిరిగి రావడం టెన్షన్. బెయోగ్లులో దిగితే నడిచి వచ్చేయొచ్చు, తెల్లవారుజాము దాకా కింద వీధి గోల భరించాలి. నా ఓటు ఆసియా వైపున్న కాదికోయ్‌కి. తిండి చవక, బోస్ఫరస్ కిందుగా వెళ్లే మర్మరాయ్ రైలు అందుబాటులో ఉంటుంది, పడవ మీద వచ్చేటప్పుడు వాయించేవాళ్లు కూడా తగులుతారు.

ఇక రికార్డులు. సీడీ షాపులు బాగా తగ్గిపోయాయి. పాత ఎల్‌పీల కోసం ఆదివారం ఫెరికోయ్ సంతకు పొద్దున్నే వెళ్లండి, కవరు చూసి కొనకుండా రికార్డును వెలుతురుకు పెట్టి గీతలు చూసుకోండి. చుకుర్‌జుమా పాత సామాన్ల షాపుల్లో రేట్లు రెట్టింపు. కొత్తవాటిలో 1991లో హసన్ సాల్తిక్ పెట్టిన కలాన్ సంస్థవి ఏవి కనిపించినా తీసుకోండి. ఉదాహరణకు, పేరున్న వాద్యకారుడు తన్బూరీ జెమీల్ బే 1916లోనే పోయాడు. ఆయన తన్బూర్ (పొడుగు మెడ తీగవాద్యం), కెమెంచె (కమానుతో వాయించేది) తక్సీమ్‌లు కలాన్ వాళ్లు పాత 78 రికార్డుల నుంచి శుభ్రం చేసి ఇచ్చారు. గరగర ఉంటుంది, పది నిమిషాల్లో చెవి అలవాటు పడుతుంది. ఇవన్నీ ఫోన్‌లో కూడా దొరుకుతాయి కదా అంటారేమో. ఫోన్‌లో సీడీతో పాటు ఇచ్చే పుస్తకం రాదు. ఎవరు వాయించారు, ఏ మకామ్, అప్పటి ఫొటోలు, పాటల సాహిత్యం అన్నీ అందులో ఉంటాయి. టర్కీ ప్రభుత్వ ప్రసార సంస్థ టీఆర్‌టీ రేడియో వాళ్ల ఆర్కైవ్ సిరీస్ కూడా అంతే విలువైనది. ఏది కొనాలో తోచకపోతే వెళ్లేముందు ఇంట్లోనే టీఆర్‌టీ నాగ్మె, టీఆర్‌టీ తుర్కు రేడియోలు నెట్‌లో కొన్నాళ్లు వినండి. నచ్చిన గొంతుల పేర్లు రాసిపెట్టుకుని ఆ చీటీ షాపులో చూపించండి, వాళ్లే వెతికి ఇస్తారు.