క్యారవాన్‌లో పడుకున్నది ఒక్క రాత్రే

అద్దంకిలో టీ కోసం బండి ఆపగానే ముగ్గురు కుర్రాళ్ళు చుట్టూ చేరారు. "షూటింగ్ ఎక్కడన్నా? హీరో ఎవరు?" అని ఒకడు మా డ్రైవర్ని అడిగాడు. డ్రైవరు నా వైపు చూపించాడు. ఆ అబ్బాయి నన్ను పైనుంచి కిందదాకా చూసి, "క్యారెక్టర్ ఆర్టిస్టా?" అన్నాడు. ఆ తర్వాత ఆరు రోజుల్లో ఈ ప్రశ్న ఎన్నిసార్లు విన్నామో లెక్కలేదు. ఒక ఊళ్ళో మాత్రం ఓ పెద్దాయన ఇది కంటి పరీక్షల బండి అనుకుని, కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకుని మరీ వచ్చాడు.

క్యారవాన్ ఆలోచన నాదే. కావలి జవహర్ భారతిలో డిగ్రీ చదివిన రోజుల్లో ఐదుగురం ఒక గదిలో ఉండేవాళ్ళం. నేను తప్ప మిగతా నలుగురూ అటువైపే స్థిరపడ్డారు. ఒకడు ఒంగోలు, ఒకడు ఉలవపాడు, ఒకడు నెల్లూరు, ఒకడు ఉదయగిరి. ఈ వేసవిలో అందరి ఇళ్ళకీ ఒక చుట్టు చుట్టి రావాలనుకున్నాం. మే నెల ఎండల్లో వెళ్ళి నాలుగిళ్ళ ఆడవాళ్ళకీ వంటా, పక్కా పని పెట్టడం ఎందుకు, మన మంచం మనమే తీసుకెళ్దాం అన్నాను. మా ఆవిడ భయం వేరే. ఆమెకి మోకాళ్ళ నొప్పులు, దారిలో టాయిలెట్ దొరకదని ఒకటే టెన్షన్. "లోపల బాత్రూం ఉంటుందా? అయితే సరే" అంది.

బండి ఫోర్స్ ట్రావెలర్‌ని మార్చి కట్టింది. వెనకాల ఇద్దరికి సరిపడే పరుపు, పైన ఒక బంకు, చిన్న సింకు, ఇండక్షన్ స్టవ్, ఫ్రిజ్, టాయిలెట్, వంద లీటర్ల నీళ్ళ ట్యాంకు. అద్దె రోజుకి తొమ్మిది వేలు. డీజిల్, టోల్, డ్రైవరు బత్తా మనవే. లీటరుకి ఎనిమిది కిలోమీటర్లు ఇచ్చింది. డీజిల్ తెలంగాణలో కాస్త చవక కాబట్టి మిర్యాలగూడలోనే ట్యాంకు నింపేశాం.

బుక్ చేసేటప్పుడు "ఫుల్ ఏసీ సార్" అన్నారు. అక్కడే మోసపోయాను. ఇందులో ఏసీలు రెండు. ఇంజను తిరుగుతున్నంతసేపూ నడిచేది ఒకటి. బండి ఆగాక పనిచేసేది పైకప్పు మీద ఇంకొకటి, దానికి బయటి నుంచి కరెంటు ఇవ్వాలి. బ్యాటరీ మీద ఫ్యాను, లైట్లు, ఫ్రిజ్ తప్ప ఏవీ నడవవు. అంటే ఎక్కడ ఆగినా 16 యాంపుల ప్లగ్గు, దానికి తోడు సరైన వోల్టేజీ వెతుక్కోవాలి. అద్దెకి తీసుకునేవాళ్ళు ముందు అడగాల్సిన ప్రశ్న ఇదే. నేను అడగలేదు.

హైదరాబాదు నుంచి బయల్దేరి, నార్కట్‌పల్లిలో విజయవాడ హైవే వదిలి నరసరావుపేట, అద్దంకి మీదుగా మేదరమెట్ల దగ్గర 16వ నంబరు జాతీయ రహదారి ఎక్కాం. అంతవరకు హాయిగానే సాగింది. ఒంగోల్లో మావాడి సందు మొదట్లోనే ఆగిపోయాం. ఏసీ పెట్టెతో కలిపి బండి పది అడుగుల పైమాటే. సందులో కేబుల్ టీవీ వైర్లు తొమ్మిది అడుగుల్లో వేలాడుతున్నాయి. మావాడు లుంగీ ఎగ్గట్టి, ఎదురింట్లోంచి బట్టలారేసే తీగకి పెట్టుకునే పంగల కర్ర తెచ్చాడు. ఒక్కో వైరూ పంగలో పెట్టి పైకెత్తి, "రానీ, రానీ, ఆగు" అంటూ ముందు నడిచాడు. డ్రైవరు అంగుళం అంగుళం కదిలించాడు. వీధిలో జనమంతా అరుగుల మీదికొచ్చి చూశారు. రిటైర్మెంటుకి దగ్గరపడ్డ బ్యాంకు మేనేజరు, ఉత్సవ విగ్రహం ముందు నడిచినట్టు నడిచాడు.

ప్లగ్గు పెట్టాం. ఏసీ మొదలైంది, ఇంట్లో ఎంసీబీ పడిపోయి కరెంటు పోయింది. రెండుసార్లు అలాగే అయ్యాక వాళ్ళ బెడ్‌రూం ఏసీ కట్టేసి మా బండికి ఇస్తానన్నాడు. ఏ ముఖం పెట్టుకుని ఒప్పుకుంటాం? వాళ్ళావిడ అప్పటికే డాబా మీద బక్కెట్లతో నీళ్ళు చల్లి మంచాలు వేయించింది. "అన్నయ్యా, ఇంత దూరం వచ్చింది ఆ డబ్బాలో పడుకునేదానికా?" అంది. ఒంగోలు వేసవి సంగతి అక్కడివాళ్ళకే తెలుసు. పగలంతా పడమటి గాలి నిప్పులు చెరుగుతుంది. సాయంత్రం అది ఆగి సముద్రపు గాలి తిరిగితే బతికినట్టు. తిరక్కపోతే ఆ రాత్రి జాగారమే. ఆ రోజు ఏడింటికి తిరిగింది. తెల్లవారుజామున దుప్పటి వెతుక్కున్నాం. బండిలో ఎవరు పడుకున్నారంటారా? డ్రైవరు.

పొద్దున్నే కొత్తపట్నం బీచ్‌కి వెళ్ళాం. ఆరింటికి బాగుంది, ఎనిమిదింటికి ఇసుక కాలుతోంది. పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు మర పడవల వేట నిషేధం. వేసవిలో ఈ తీరానికి సముద్రపు చేప తినాలని వచ్చేవాళ్ళు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

టంగుటూరు టోల్ దాటి ఉలవపాడు చేరేసరికి హైవేకి రెండు వైపులా మామిడిపళ్ళ పాకలే. నా సలహా ఒక్కటే, మొదటి పాక దగ్గర కొనొద్దు. కాయ అంతా ఒకే రకంగా నిమ్మపండు రంగులో మెరుస్తుంటే చెయ్యి పెట్టొద్దు. గడ్డిలో మాగిన బంగినపల్లి ఒక పక్క పసుపు, ఒక పక్క ఇంకా ఆకుపచ్చగా ఉంటుంది. తొడిమ దగ్గర వాసన చూస్తే తెలిసిపోతుంది. ఇదంతా ఇక్కడ మామిడి తోట ఉన్న మావాడు చెప్పిన పాఠం. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు ఉలవపాడు ప్రకాశం నుంచి నెల్లూరులోకి వెళ్ళింది. ఆ మాట ఎత్తితే "మామిడికాయకి జిల్లా ఏందిరా?" అని కొట్టిపారేశాడు.

అక్కడ మా బండి పరువు పోయింది. తోటలోకి మలుపు తిరగ్గానే వెనక చక్రాలు ఇసుకలో కూరుకుపోయాయి. చక్రాల కింద తాటాకులు వేశారు, గోతాలు వేశారు. ఎంత తొక్కితే అంత దిగింది. చివరికి పక్క తోట నుంచి ట్రాక్టరొచ్చి లాగింది. ట్రాక్టరు కుర్రాడు డబ్బులు తీసుకోలేదు. లోపల ఒకసారి చూస్తానన్నాడు. చూసి, ఫ్రిజ్ తలుపు తీసి, వేసి, "బాగుందన్నా, పొలంలో కాపలాకి పనికొస్తుంది" అని వెళ్ళిపోయాడు.

తోటలో మోటార్లకి కరెంటు పగలు తొమ్మిది గంటలే. రాత్రికి దీపం కూడా లేదు. కాపలా గుడిసె ముందు నవారు మంచాలు వేసుకుని పడుకున్నాం. అర్ధరాత్రి గాలి లేచినప్పుడల్లా ఎక్కడో ఒక కాయ ధబ్బున రాలేది. మావాడు నిద్రలోనే "అది చెరుకు రసం" అని కాయ రకం చెప్పేవాడు. నిజమో కాదో లేచి చూసే ఓపిక నాకు లేదు. ఈ ప్రయాణం మొత్తంలో మంచి బస ఏదంటే నేను ఈ గుడిసెకే ఓటేస్తాను. మా ఆవిడ ఓటు మాత్రం ఇక్కడ కూడా బండికే, టాయిలెట్ ఉంది కనక.

టాయిలెట్ మాట వచ్చింది కాబట్టి ఆ పక్క కూడా చెప్పాలి. సీటు కింద ఒక పెట్టె ఉంటుంది. రెండు రోజులకోసారి దాన్ని బయటికి లాగి, ఎవరింట్లోనో మరుగుదొడ్డిలో ఒంపి, కడగాలి. ఆ పని డ్రైవరు చేస్తాడని బుకింగ్ అప్పుడు చెప్పారు. డ్రైవరుకి మాత్రం చెప్పలేదట. రెండుసార్లు నేనే చేశాను.

నెల్లూర్లో మావాడిది మాగుంట లేఅవుట్లో ఫ్లాటు. సెల్లారులోకి బండి పట్టదు, వీధిలో పెడితే పక్కవాళ్ళు ఒప్పుకోరు. దగ్గర్లో ఒక హోటల్లో గది తీసుకుంటే పార్కింగ్ ఇస్తామన్నారు. తీసుకున్నాక గేటు ఆర్చి కింద బండి పట్టదని తెలిసింది. డబ్బులు వెనక్కి ఇవ్వమంటే మేనేజరు రేపు రమ్మన్నాడు. గది పర్వాలేదు, ఏసీ చల్లగానే ఉంది. మూడు గంటలు నిద్రపోయి, పులుసు కోసం లేచాం.

ఆ పులుసు కోసం ఇంకోసారి నాలుగు వందల యాభై కిలోమీటర్లు రమ్మన్నా వస్తాను. సముద్రంలో వేట లేదు కాబట్టి కొరమేను తెచ్చారు. మా చెల్లెమ్మ (వాడి భార్యని నేను అలాగే పిలుస్తాను) ముందు రోజు సాయంత్రమే మట్టి దాకలో నువ్వుల నూనెతో వండి పెట్టింది. పులుసు రాత్రంతా నిలవుండాలి, అప్పుడే ముక్కకి ఉప్పూ కారం పడతాయట. దించే ముందు వేయించి దంచిన మెంతులు, జీలకర్ర, ధనియాల పొడి. ఈ కాలంలో చింతపండు తగ్గించి పుల్ల మామిడికాయ ముక్కలు వేస్తారు. టెంక ముదరని కాయ కావాలి, ముక్క ఉడికి మెత్తబడాలే గాని చెదరకూడదు. వేడి చేసేటప్పుడు కూడా గరిటె పెట్టదు. దాక అంచులు రెండు గుడ్డలతో పట్టుకుని గుండ్రంగా తిప్పుతుంది. "గరిటె పెడితే ముక్క విరిగిపోతాది అన్నయ్యా" అంటూ ఆమె తిప్పుతుంటే పైన తేలిన నూనె ఒక పక్కకి జారి మళ్ళీ సర్దుకునేది. వేడన్నంలో తిన్నాం, మర్నాడు పొద్దున దోసెల్లోకీ అదే. నెయ్యి కారం దోసె తినిపిస్తానని మావాడు టౌనుకి బయల్దేరదీశాడు గానీ, పులుసు ఉండగా ఎవరు కదులుతారు?

మైపాడు బీచ్‌కి సాయంత్రం వెళ్ళాం. ఆదివారం, జనం బాగా ఉన్నారు. కొత్తపట్నం నయమనిపించింది.

మర్నాడు ఆత్మకూరు మీదుగా ఉదయగిరి. దారిలో పెన్న మీద సోమశిల డ్యాం చూడాలనుకున్నాం గాని ఎండ చూసి వదిలేశాం. ఉదయగిరి వాడు మా అందర్లోకీ చరిత్ర పిచ్చివాడు, హైస్కూల్లో సోషల్ చెప్తాడు. తెల్లవారి ఐదింటికే లేపి కొండ దారి పట్టించాడు. కృష్ణదేవరాయలు గజపతుల చేతిలోంచి ఈ దుర్గాన్ని 1514లో పట్టుకున్నాడు, అదీ ఏడాది పైగా ముట్టడి వేశాక. ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని తీసుకెళ్ళి హంపీలో గుడి కట్టించాడు. "ఈ ఎండలో పైన కూర్చున్నోళ్ళకంటే కింద కూర్చున్నోళ్ళకే కష్టం" అన్నాడు మావాడు. నేను సగం దాకా ఎక్కి ఎనిమిదింటికి దిగేశాను. దారి సరిగ్గా లేదు, ముళ్ళ కంపలు, నీళ్ళు దొరకవు. కోట చూడాలంటే డిసెంబర్లో రండి.

ఎండాకాలంలో ఉదయగిరిలో చూడాల్సింది చెక్క చెంచాల పని. నీడలో కూర్చుని చూడొచ్చు. ఒకామె చేతి వెడల్పు కూడా లేని చెక్క ముక్కని పాదాల మధ్య బిగించి, ఆకురాయితో చెంచా గుంట నున్న చేస్తోంది. పిడి చివర చిన్న చేప బొమ్మ. నాలుగైదు రుద్దులకోసారి బొటనవేలు గుంటలో తిప్పి చూసుకుంటుంది, కంటితో చూడదు. ఈ చెంచాలకి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. అక్కడ కొన్నవాటికి బేరం ఆడలేదు, ఆడబుద్ధి కాలేదు.

ఆ రాత్రి మావాడి ఇంట్లో ఏసీ లేదు, కూలర్ ఉంది. కూలర్ మాకిచ్చి వాళ్ళు వరండాలో పడుకున్నారు. ఎంత చెప్పినా వినలేదు. డ్రైవరు మాత్రం వాళ్ళ స్కూలు ప్లగ్గు నుంచి వైరు లాక్కుని, మళ్ళీ బండిలో ఏసీ వేసుకుని పడుకున్నాడు. అక్కడ వోల్టేజీ దివ్యంగా ఉందట.

చివరి రోజు సీతారాంపురం మీదుగా భైరవకోన. ఒకే కొండరాయిలో తొలిచిన ఎనిమిది గుహాలయాలు, పైనుంచి దూకే జలపాతం. మేలో ధార సన్నబడింది గానీ ఆగలేదు. కింద రాతి మీద కాళ్ళు పెట్టుకుని మా ఆవిడ గంటసేపు కదల్లేదు. తినడానికి ఏమైనా ముందే తెచ్చుకోవాలి. బండిలో ఇండక్షన్ స్టవ్ ఉంది కదా అని టీ పెట్టబోతే బ్యాటరీ కూయడం మొదలుపెట్టింది.

కంభం చెరువు దగ్గర ఆగకుండా ఉండాల్సింది, ఆగాం. రాయల కాలంలో వరదరాజమ్మ కట్టించిన కట్ట మీద నిలబడి, ఎండిన ఒడ్డున మేస్తున్న గొర్రెల్ని చూస్తూ పొద్దు పోగొట్టుకున్నాం. మార్కాపురంలో భోజనానికి ఇంకో గంట. దోర్నాల చేరేసరికి తొమ్మిదీ పది. మేం ఇంటికి వెళ్ళాల్సిన శ్రీశైలం అడవి రోడ్డు గేటు రాత్రి తొమ్మిదికి వేస్తే పొద్దున ఆరింటికే తీస్తారు. పది నిమిషాలు ముందొస్తే పోయేవాళ్ళమే.

లారీల వెనక వరసలో బండి పెట్టాం. ప్లగ్గు లేదు, ఏసీ లేదు. దోమతెర కిటికీలు తీసి ఫ్యాను వేసుకున్నాం. ఐదు రాత్రుల తర్వాత ఆ పరుపు మీద మొదటిసారి పడుకున్నాం. పక్క లారీలో ఎవరో ఫోన్లో గట్టిగా మాట్లాడుతున్నారు. ఉలవపాడు వాడు గంపలో ఇచ్చిన పళ్ళు మంచం కింద మాగి బండంతా వాసన. డ్రైవరు ముందు సీటు వెనక్కి వాల్చుకున్నాడు గానీ, రాత్రంతా అటూ ఇటూ దొర్లుతూనే ఉన్నాడు.

ఆరింటికి గేటు లేచింది. అతను కళ్ళు నులుముకుంటూ అద్దంలోంచి మమ్మల్ని చూసి, "పరుపు బానే ఉంది కదా సార్? కాళ్ళ వైపు కొంచెం పల్లం, తల అటు పెట్టుకోవాల్సింది" అన్నాడు.