ఏళ్ల తరబడి విన్నాక నా దగ్గర మిగిలిన ర్యాప్, ర్యాప్-రాక్ ఆల్బమ్‌లు

ర్యాప్-రాక్ అంటే గిటార్ల గోల మధ్య ఒకడు గడగడా అరవడమే అనుకునేవాళ్లకి లింప్ బిజ్‌కిట్ బ్యాండ్ వినిపిస్తే ఆ అభిప్రాయం ఖాయమైపోతుంది. రేజ్ అగెనెస్ట్ ద మెషీన్ బ్యాండ్ వినిపిస్తే మాత్రం మళ్లీ ఆలోచిస్తారు. కాలేజీ రోజుల నుంచి ఈ రెండు రకాలూ వింటున్నాను. గిటార్ కూడా డ్రమ్స్‌తో కలిసి లయ మోసిన ఆల్బమ్‌లే నాకు పాతబడలేదు. ఆవేశం చూపించడానికి మాత్రమే గిటార్ పెట్టినవాటిని ఫోన్లోంచి తీసేశాను.

రేజ్ వాళ్ల మొదటి ఆల్బమ్ 1992లో వచ్చింది. 1963లో సైగాన్ నడివీధిలో ఒక బౌద్ధ భిక్షువు నిరసనగా తనను తాను దహించుకున్న ఫొటో దాని అట్ట మీద ఉంటుంది. శాంపిళ్లు (వేరే రికార్డుల నుంచి తీసుకున్న ముక్కలు), కీబోర్డులు, సింథసైజర్లు వాడలేదని లోపల ప్రత్యేకంగా రాసుకున్నారు. అలా రాయకపోతే ఎవరూ నమ్మరు మరి! డీజే రికార్డు గీకుతున్నట్టు వినిపించే చప్పుళ్లన్నీ బ్యాండ్ గిటారిస్టు టామ్ మొరెల్లో గిటార్ మీద తీసినవే. ప్రాసల విషయంలో వాళ్ల గాయకుడు జాక్ డి లా రోచా గొప్ప ర్యాపరేం కాదు. కానీ మాట ఎక్కడ ఆపాలో, బీట్ మీద ఎక్కడ పడాలో అతనికి బాగా తెలుసు. ఒకే వాక్యాన్ని పదిసార్లు అన్నా ప్రతిసారీ ఒత్తిడి పెరుగుతుంది. లోపమల్లా మొదటి నుంచి చివరిదాకా కోపం ఒకే స్థాయిలో ఉండటం. ఏకబిగిన వింటే ఏడో పాటకి అలసట వస్తుంది. నేను సగం సగంగా వింటాను. సౌండ్ తగ్గించి వింటే మాత్రం ఇందులో ఏమీ మిగలదు.

ఎక్కువసార్లు విన్నది ఏదంటే లింకిన్ పార్క్ ‘హైబ్రిడ్ థియరీ’నే (2000). ఇంగ్లిష్ పాటలు అంతగా వినని మన ఇంజినీరింగ్ హాస్టళ్లలో కూడా ఇది మోగేది. పన్నెండు పాటలు కలిపి 38 నిమిషాల లోపే, ఒక్క బూతు మాట లేదు. ఇంట్లో అమ్మానాన్నలు ఉన్నా టెన్షన్ లేకుండా పెట్టుకోవచ్చు. మైక్ షినోడా ర్యాప్ చేస్తున్నప్పుడు గిటార్లు పక్కకు తప్పుకుంటాయి. చెస్టర్ బెన్నింగ్టన్ గొంతెత్తగానే విరుచుకుపడతాయి. ఈ పద్ధతే పాటపాటకీ రావడంతో కొన్నాళ్లకి తర్వాత ఏమొస్తుందో ముందే తెలిసిపోతుంది. ‘ఇన్ ది ఎండ్’ ఇప్పుడు వస్తే స్కిప్ చేస్తాను, అరిగిపోయింది. ‘పేపర్‌కట్’ అలా కాలేదు. దాని చివర్లో ఇద్దరి గొంతులూ ఒకదాని మీద ఒకటి నడుస్తాయి, ఇయర్‌ఫోన్స్‌లో ఇంకా బాగుంటుంది. 2003 నాటి ‘మెటియోరా’లో సౌండ్ మెరుగే గానీ, వంట అదే.

షినోడా 2005లో ఫోర్ట్ మైనర్ పేరుతో చేసిన ‘ది రైజింగ్ టైడ్’ని చాలామంది ‘రిమెంబర్ ద నేమ్’ దగ్గరే వదిలేస్తారు. అందులో ‘కెంజీ’ వినండి. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికాలోని జపనీయులను శిబిరాల్లో నిర్బంధించిన సంగతి అది. మధ్యలో వినిపించే జ్ఞాపకాలు షినోడా తండ్రివి, మేనత్తవి. గిటార్ అవసరమే పడలేదు.

లింప్ బిజ్‌కిట్ ‘సిగ్నిఫికెంట్ అదర్’ (1999)లో నాకు మిగిలింది ర్యాపర్ మెథడ్ మ్యాన్‌తో చేసిన ఒక్క పాట. దాన్ని హిప్‌హాప్ నిర్మాత డీజే ప్రీమియర్ తయారుచేశాడు, అందులో రాక్ లేనే లేదు. ఇక బీస్టీ బాయ్స్ ‘లైసెన్స్‌డ్ టు ఇల్’ (1986)లో మెటల్ బ్యాండ్ స్లేయర్ గిటారిస్టు కెర్రీ కింగ్ వాయించిన ముక్క ఇప్పటికీ నవ్వు తెప్పిస్తుంది. ఆడవాళ్ల మీద వేసిన జోకులు అప్పుడెలా నవ్వించాయో గానీ ఇప్పుడు వినబుద్ధి కాదు.

అసలు ర్యాప్‌కి వస్తే, నాస్ ‘ఇల్‌మ్యాటిక్’ (1994) ముందు పైవన్నీ పిల్లలాటలు. అప్పటికి అతనికి ఇరవై ఏళ్లు. మొదట్లో నాకు పది మాటల్లో మూడే అందేవి, లిరిక్స్ పక్కన పెట్టుకుని విన్నాకే లోతు తెలిసింది. ‘వన్ లవ్’ అయితే జైల్లో ఉన్న స్నేహితులకు రాసిన ఉత్తరాలే. ఎవరికి కొడుకు పుట్టాడు, పేటలో ఎవరు ఏమయ్యారు అని కబుర్లు చెప్పుకుంటూ పోతాడు, ఎక్కడా గొంతు పెంచడు. ఇంకో పాట చివర్లో వినిపించే కార్నెట్ (ట్రంపెట్ లాంటి వాద్యం) వాయించింది అతని నాన్న ఒలు దారా. నలభై నిమిషాల లోపు ఆల్బమ్‌లో తీసేయదగ్గ పాట నాకు కనిపించలేదు.

ఉత్తరాల పద్ధతిలోనే ఎమినెమ్ ‘స్టాన్’ కూడా ఉంటుంది. ఆ పాట అద్భుతమే. కానీ అది ఉన్న ‘ద మార్షల్ మ్యాథర్స్ ఎల్‌పీ’ (2000)లో భార్యను చంపడం అభినయించిన పాట ఒకటుంది. దాన్ని మళ్లీ వినే ఉద్దేశం లేదు.

కెండ్రిక్ లామార్ ‘టు పింప్ ఎ బటర్‌ఫ్లై’ (2015) దాదాపు ఎనభై నిమిషాలు. జాజ్ వాద్యాలు ఎటు పోతున్నాయో మొదట అర్థం కాదు. పాటల మధ్య ఒక కవితను కొంచెం కొంచెంగా పెంచుతూ వెళ్లి, చివరికి చనిపోయిన ర్యాపర్ టూపాక్ పాత ఇంటర్వ్యూ గొంతుతో సంభాషణ కలుపుతాడు. షఫుల్‌లో పెడితే ఇదంతా పోతుంది. బస్సులో, ఆఫీసు పని చేసుకుంటూ వింటే నాకు ఎక్కలేదు. ఖాళీగా ఉన్న ఆదివారం మధ్యాహ్నం పెట్టుకోండి.