మైలాపూరు మాడవీధుల్లో తిన్నడి కోసం: ఒక ఫొటోగ్రఫీ క్లబ్బుతో మూడు రోజులు

మూడు వేల ఆరు వందల రూపాయలు చెల్లించి ఎక్కిన మేడ మీద నుంచి మాకు పనికివచ్చే ఫొటో ఒక్కటీ దక్కలేదు. పైసా చెల్లించకుండా నిలబడిన ఒక ఇంటి మెట్ల మీద నుంచి మాత్రం నేను పదేళ్లుగా తీయాలనుకుంటున్న ఫొటో దక్కింది. రెండూ ఒకే రోజున, ఒకే ఊరేగింపులో, చెన్నైలోని మైలాపూరు మాడవీధుల్లోనే జరిగాయి. అక్కడి కపాలీశ్వరాలయంలో తమిళుల పంగుని నెలలో (మార్చి–ఏప్రిల్) జరిగే బ్రహ్మోత్సవాలకు కెమెరా పట్టుకుని వెళ్లదలచినవారు, ముఖ్యంగా ఏదైనా ఫొటోగ్రఫీ క్లబ్బు వెంట వెళ్లదలచినవారు, మాలాగా డబ్బు పోగొట్టుకోకూడదని ఇదంతా వివరంగా రాస్తున్నాను.

మాది శ్రీకాళహస్తి. శివలింగం కంటి నుంచి నెత్తురు కారడం చూసి వేటగాడైన తిన్నడు తన కన్ను పెకలించి పెట్టాడనీ, రెండవ కన్ను కూడా పెట్టబోతూ గుర్తు కోసం కాలి బొటనవేలిని లింగం మీద ఆనించాడనీ మా ఊళ్లో పసిపిల్లలు కూడా చెబుతారు. ఆ తిన్నడే తమిళులు నాయనార్లని కొలిచే అరవై ముగ్గురు శివభక్తుల్లో కణ్ణప్ప నాయనారు. మైలాపూరు బ్రహ్మోత్సవాల ఎనిమిదవ రోజున ఆ అరవై ముగ్గురి ఉత్సవ విగ్రహాలనూ పల్లకీల మీద మాడవీధుల్లో ఊరేగిస్తారు. ఆ వరుసలో మా ఊరి తిన్నడు వెళుతుండగా ఒక్క మంచి ఫొటో తీయాలన్నది నా కోరిక. నా వెంట వచ్చిన మా బావమరిదికి ఆ పట్టింపు లేదు. గోపురం ముందు కిక్కిరిసిన జనాన్ని ఎత్తు నుంచి తీయాలన్నదే అతని ఆశ. మేడ మీదికి డబ్బు కట్టడానికి అతని ఆశే కారణమైనా, ఆ నిర్ణయంలో నాకూ సమాన భాగం ఉంది.

చెన్నపట్నం 1850లలోనే ఫొటోగ్రఫీ సంఘం ఏర్పడిన నగరం. మేము వెళ్లింది ఆ పాత సంఘంతో కాదు, కొన్నేళ్ల కిందట మొదలైన ఒక చిన్న క్లబ్బుతో. దాని పేరు ఇక్కడ రాయడం లేదు. బయటి ఊళ్ల వారికి కూడా ప్రవేశం ఉన్న మూడు కార్యక్రమాలను వారు ఆ వారాంతంలో పెట్టారు: శనివారం సాయంత్రం ఫొటోల సమీక్షకు మనిషికి ₹300, ఆదివారం ఉదయం ఉచితంగా ఫొటో వాక్ (కలిసి నడుస్తూ ఫొటోలు తీయడం), సోమవారం ఊరేగింపును చూడడానికి మేడ మీద చోటుకు మనిషికి ₹1,800. శనివారం బస్సు ప్రయాణం ఏ ఇబ్బందీ లేకుండా సాగింది. ట్రిప్లికేన్‌లో రోజుకు ₹1,700 చొప్పున తీసుకున్న లాడ్జి గది శుభ్రంగానే ఉంది. వేడినీళ్లు ఉదయం ఏడు దాటితే రావు.

సమీక్షకు వెళ్లేటప్పుడు నాకు పెద్ద ఆశ లేదు. ఇరవై మంది పట్టే హాలు, ఒక ప్రొజెక్టర్, డెబ్బై ఏళ్లు దాటిన సమీక్షకులు ఒకరు. ఆయన ముందుగా మా ఫొటోల జోలికి రాకుండా, మద్రాసు ప్రెసిడెన్సీ ప్రభుత్వానికి ఫొటోగ్రాఫరుగా పనిచేసిన లిన్నేయస్ ట్రైప్ 1858లో మదురైలోనూ తంజావూరులోనూ తీసిన ఆలయాల ఫొటోలను తెర మీద చూపించారు. ఎన్ని స్తంభాలు, ఎన్ని మండపాలు ఉన్నా వాటిలో మనుషులు దాదాపు కనిపించరు. మైనం పట్టించిన కాగితపు నెగటివ్ మీద బొమ్మ పడడానికి చాలాసేపు కాంతి కావలసి వచ్చేదనీ, అంతసేపూ కదలకుండా ఉన్న రాయి నిలిచి, నడిచిపోయిన మనిషి చెరిగిపోయేవాడనీ ఆయన వివరించారు. ఆ తరువాత నా ఫొటోల వంతు వచ్చింది. మా ఊరి మహాశివరాత్రి ఊరేగింపులో నేను తీసినవి ఆరు చూసి, "అన్నీ స్పష్టంగా ఉన్నాయి, ఏదీ కదలడం లేదు, ఊరేగింపు అంటే కదలిక కదా, షట్టరును కొంచెం ఎక్కువసేపు తెరిచి ఉంచి చూడండి" అని తమిళంలో అన్నారు. క్లబ్బు సభ్యుడు ఒకరు దాన్ని నాకు తెలుగులో చెప్పారు. మూడు వందల రూపాయలకు నాకు అందిన ఆ ఒక్క మాట, ఇంతకు ముందు వేలు పోసి హాజరైన శిక్షణ తరగతుల కంటే ఎక్కువ ఉపయోగపడింది.

ఆదివారం తెల్లవారకముందే లజ్‌లోని నాగేశ్వరరావు పార్కు దగ్గర కలుసుకున్నాము. అమృతాంజనం, ఆంధ్రపత్రిక స్థాపకులైన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి పేరున్న ఆ పార్కు గేటు ముందు నిలబడినప్పుడు నాకు కలిగిన సంతోషాన్ని మా బావమరిది పంచుకోలేదు. కాఫీ పడనిదే అతనికి ఏ మహానుభావుడూ గుర్తుకు రాడు. అక్కడి నుంచి నడిచి రథోత్సవానికి వెళ్లాము. ఆ వాక్ నడిపినాయన పెట్టిన నియమాలు నాకు బాగా నచ్చాయి: రథం తాళ్ల లోపలికి ఎవరూ వెళ్లకూడదు, ఫ్లాష్ వేయకూడదు, ఎవరి ముఖాన్నైనా దగ్గరగా తీయాలంటే ముందు కెమెరా దించి వారిని అడగాలి. సుమారు 120 అడుగుల తూర్పు గోపురం మీద ఉదయపు ఎండ నిండుగా పడే సమయంలో, ఎండ మా వీపుల మీద పడేట్టు ఆయన మమ్మల్ని నిలబెట్టారు. గోపురం మీది ప్రతి బొమ్మ రంగూ విడివిడిగా కనిపించింది. ఒక్క రూపాయి తీసుకోకుండా రెండున్నర గంటలు మా వెంట తిరిగిన ఆయనకు ఇప్పటికీ కృతజ్ఞుణ్ణి. తరువాత ఒక మెస్సులో ఇద్దరికీ కలిపి ₹190కి పొంగలి, వడ, కాఫీ ముగించాము.

ఎండ ఏ పక్క నుంచి పడుతుందో ఆ ఉదయమే కళ్లారా చూశాము కాబట్టి, మరునాటి సంగతి మాకు ముందే తట్టవలసింది. తూర్పు ముఖంగా ఉన్న గోపురం ఉదయం వెలుగుతుంది. మధ్యాహ్నం మూడు దాటాక బయలుదేరే ఊరేగింపు వేళకు సూర్యుడు దాని వెనక్కి చేరతాడు. గోపురానికి ఎదురుగా తూర్పు వైపు మేడ మీద నిలబడి పడమరకు కెమెరా పెడితే, ఎండ సూటిగా లెన్సులో పడుతుంది, గోపురం నల్లని నీడలా మిగులుతుంది. క్లబ్బు మాకు అమ్మిన చోటు సరిగ్గా అదే. చోట్లు అమ్మిన వ్యక్తి కార్యవర్గంలోని వాడు, వాక్ నడిపినాయన కాదు. "గోపురం, జనం, పల్లకీలు ఒకే ఫ్రేములో వస్తాయి" అని అతడు ఫోనులో చెప్పాడు. దూరంగా ఉన్నవాటిని దగ్గరగా తీసే 70–200 లెన్సు తప్పనిసరి అని కూడా అతడే చెప్పడంతో, మా బావమరిది ఒక దుకాణంలో రోజుకు ₹1,100 అద్దె, ₹15,000 డిపాజిట్ కట్టి దాన్ని తెచ్చుకున్నాడు.

సోమవారం మధ్యాహ్నం రెండు గంటలకు మేడ ఎక్కాము. పదిహేను మందికే చోటు అని చెప్పిన ఆ మేడ మీద నలభై మంది ఉన్నారు. ముందే వచ్చినవారు పిట్టగోడ వెంట ట్రైపాడ్లు పెట్టుకుని కదలలేదు. మూడవ వరుసలో నిలబడిన మాకు వారి తలలు, వాటికి అవతల వీధికి అడ్డంగా కట్టిన షామియానా పైభాగం కనిపించాయి. వీధిలో ఎక్కడికక్కడ మజ్జిగ, పానకం, ప్రసాదాలు పంచే పందిళ్లు వేస్తారని మైలాపూరు వారందరికీ తెలుసు; మేడను అమ్మినవారికి తెలియదని నేను నమ్మను. పల్లకీలు ఆ గుడ్డ కిందుగా సాగిపోయాయి. నాదస్వరం, డోలు వినిపించాయి, గొడుగుల కొసలు కనిపించాయి, అంతే. అరవై ముగ్గురిలో తిన్నడు ఎప్పుడు దాటిపోయాడో నాకు తెలియనే లేదు. కిందికి వెళతామంటే, ఊరేగింపు ఈ వీధి దాటే వరకు మెట్ల తలుపు తీయబోమని కాపలా మనిషి చెప్పాడు. నీళ్లు లేవు, నీడ లేదు. మా బావమరిది నాతో మాట్లాడడం మానేసి, ఆ బరువైన లెన్సును ఒళ్లో పెట్టుకుని నేల మీద కూర్చున్నాడు. తలుపు తెరిచేసరికి అయిదున్నర అయింది.

కిందికి రాగానే క్లబ్బు వ్యక్తిని పట్టుకుని అడిగితే, డబ్బంతా ఇంటి యజమానికే ఇచ్చేశామని అన్నాడు. రసీదు అడిగితే ఫోన్‌పేలో చెల్లించినదే రసీదని అన్నాడు. నలభై మందిని ఎక్కించడం ప్రమాదం కాదా అని అడిగినప్పుడు జవాబు చెప్పకుండా మరొకరితో మాటల్లో పడిపోయాడు. మాకు డబ్బు తిరిగి రాలేదు. పోయిన డబ్బు కంటే, ఎండ ఎటు పడుతుందో తెలిసిన ఫొటోగ్రాఫరు అయి ఉండి తోటి ఫొటోగ్రాఫర్లకు ఆ చోటు అమ్మడమే నన్ను ఎక్కువ బాధించింది.

లాడ్జికి తిరిగి పోదామని మా బావమరిది అన్నాడు. ఊరేగింపు ప్రదక్షిణంగా సాగుతుంది కాబట్టి ఉత్తర మాడవీధికి చివరగా వస్తుందని గుర్తు చేసి, అతణ్ణి అటు లాక్కుపోయాను. ఆ జనంలో కెమెరా ఎత్తడమే కష్టమైంది. ఒక పాత పెంకుటింటి ముందు ఇద్దరు మనుమలతో స్టీలు డబ్బాల్లోంచి దద్దోజనం దొన్నెల్లో పెట్టి పంచుతున్న పెద్దావిడ ఒకరు మా మాటలు విని, "తెలుగువాళ్లా? ఏ ఊరు నాయనా?" అని పలకరించారు. కాళహస్తి అని చెప్పగానే ఆమె గరిట పక్కన పెట్టారు. "తిన్నడి ఊరివాళ్లు వీధిలో నిలబడతారా? మెట్లెక్కి నిలబడండి. మా వాకిట్లో ప్రతి పల్లకీ ఆగుతుంది, హారతి ఇస్తాం" అని అన్నారు. వారి తాతల కాలంలో నెల్లూరు వైపు నుంచి వచ్చి మైలాపూరులో స్థిరపడ్డారట. దద్దోజనంలో అల్లం, కరివేపాకు, దోరగా వేగిన మినప్పప్పు పడ్డాయి. ఆ పొద్దున తిన్న టిఫిను తరువాత మేము తిన్నది అదే. మా బావమరిది రెండవ దొన్నె అడిగి తీసుకున్నప్పుడు అతని కోపం తగ్గిందని నాకు అర్థమైంది.

ఎనిమిది దాటాక పల్లకీలు వచ్చాయి. వీధి దీపాలు, ట్యూబ్‌లైట్లు, కర్పూరపు మంట తప్ప వేరే వెలుతురు లేదు. అద్దె లెన్సును సంచిలో పెట్టించి, నా పాత 35 ఎం.ఎం. లెన్సు తగిలించాను. శనివారం విన్న మాట గుర్తుకు వచ్చి, షట్టరు తెరిచి ఉండే సమయాన్ని సెకనులో ఎనిమిదో వంతుకు తెచ్చి, ద్వారబంధానికి భుజం ఆనించి ఊపిరి బిగబట్టాను. "అమ్మా, తిన్నడు ఏ పల్లకీలో వస్తాడు?" అని అడిగితే, "నేను చెబుతాను, నువ్వు దాంట్లోంచి కన్ను తీయకు" అని ఆమె అన్నారు. మూడు పల్లకీలు దాటాక నా భుజం తట్టారు. పల్లకీ వాకిట్లో ఆగింది. పూలమాలల మధ్య నుంచి విల్లు కొస, చిన్న ముఖం కనిపించాయి. ఆమె హారతి పళ్ళెం ఎత్తారు. ఐదారు ఫొటోల కంటే ఎక్కువ తీయలేకపోయాను.

వాటిలో ఒకటి నిలిచింది. మోసేవారి భుజాలు, చేతులు, వీధిలోని జనం అంతా చెదిరి పొగలా ఉన్నారు. వారి మధ్య తిన్నడి ముఖం ఒక్కటే కదలకుండా ఉంది. 1858 నాటి ఆ ఫొటోలు చూసి ఉండకపోతే ఇలా తీయాలని నాకు తోచేది కాదు.

వచ్చే ఏడాది వెళ్లేవారికి నా సలహా ఇది. ఆ క్లబ్బు అనే కాదు, ఏ క్లబ్బు అయినా సమీక్షా సాయంత్రాలు, ఫొటో వాక్‌లు పెడితే తప్పకుండా వెళ్లండి. మేడ మీద చోటు అమ్మితే, అది ఏ దిక్కున ఉంది, ముందు వరుసలో ఎంతమంది, తలుపు మూస్తారా, రసీదు ఇస్తారా అని అడిగి, జవాబు సరిగా రాకపోతే కట్టవద్దు. సాయంత్రం ఎత్తు నుంచే తీయాలనుకుంటే ఎండ వీపు మీద పడే పడమటి వైపు వెతకండి. పెద్ద లెన్సు అద్దెకు తీసుకోవద్దు. ఉత్తర మాడవీధిలో ఆరు గంటలకల్లా ఉండండి; కింద నిలబడినవారికే పల్లకీలు కళ్ల ఎత్తులో దొరుకుతాయి.

ఊరికి వచ్చాక ఆ ఫొటోను 12 అంగుళాలకు 18 అంగుళాల కాగితం మీద ₹260కి ప్రింటు తీయించి, ₹90 కొరియరు ఖర్చుతో ఆమెకు పంపాను. నాలుగవ రోజున ఆమె ఫోను చేశారు. తిన్నడి గురించి ఒక్క మాటతో సరిపెట్టి, ఫొటో కుడి వైపు మూల పసుపు గీతలా ఉన్నది తన హారతి పళ్ళెమేనా అని అడిగారు. అవునని చెప్పాను. హైదరాబాదులో ఉన్న కూతురికి ఇవ్వడానికి ఇంకొక ప్రతి కావాలని, డబ్బు పంపుతానని అన్నారు. డబ్బు వద్దని చెప్పి మరునాడే రెండవ ప్రింటు పంపాను.