ట్రాకింగ్ నాబ్ ఉంటేనే కొనండి: మా ఇంటి పాత వీసీఆర్ గురించి

పాత పెళ్లి క్యాసెట్లు చూసుకోడానికి చవకలో సెకండ్ హ్యాండ్ వీసీఆర్ ఒకటి వెతుక్కునేవాళ్లు మా చుట్టాల్లోనే చాలామంది ఉన్నారు. ఏ కంపెనీది తీసుకోమంటావని నన్ను అడుగుతారు. కంపెనీ తర్వాత సంగతి. ఒకే ఫ్యాక్టరీలో తయారైన మెషీన్లు రకరకాల పేర్లతో అమ్ముడుపోయిన రోజులవి. ఇప్పుడు కొత్తవి దొరకనే దొరకవు. చివరిదాకా తయారు చేసిన జపాన్ కంపెనీ ఫునాయ్ కూడా 2016 జులైలో ఆపేసింది. కాబట్టి నేను చెప్పేది ఒక్కటే. మెషీన్ ముందు వైపు, బొమ్మని సరిచేసుకోడానికి చేత్తో తిప్పే ట్రాకింగ్ నాబ్ ఉందా లేదా చూడండి. ఉంటేనే మిగతా బేరం. ఆటోమేటిక్ ట్రాకింగ్ అని ముందు పెద్ద అక్షరాలతో రాసి ఉన్నంత మాత్రాన అది మంచిదనుకోవద్దు.

మాది కావలి. మా ఇంట్లో ఉన్నది 1992లో నాన్న మద్రాసు వెళ్లి బర్మా బజారులో కొనుక్కొచ్చినది. అప్పట్లో మా వీధిలో కొన్నవాళ్లందరూ రికార్డింగ్ లేని ప్లేయరే తెచ్చుకున్నారు, అది చవక కాబట్టి. నాన్నకి టీవీలో శుక్రవారం వచ్చే సినిమా పాటల కార్యక్రమం చిత్రలహరి రికార్డు చేసుకోవాలని పట్టుదల, అందుకే రికార్డరే కావాలన్నారు. హెడ్లంటే టేపు మీది బొమ్మని చదివే భాగాలు. నాలుగు హెడ్లది చూపిస్తే ధర విని వదిలేసి, రెండు హెడ్ల మోనో మెషీన్ తీసుకున్నారు. అందులో నష్టపోయింది పెద్దగా ఏమీ లేదు. బొమ్మని ఆపి చూసినప్పుడు గీతలు పడతాయి, అంతే. మామూలుగా ఆడించేటప్పుడు నాలుగు హెడ్లదానికీ దీనికీ తేడా నాకైతే కనబడలేదు. టైమర్ పెట్టి రికార్డు చేసే సౌకర్యం ఉందిగానీ, కరెంటు పోయిన ప్రతిసారీ గడియారం మొదటికొచ్చేది. మా ఊరి కరెంటుకి అది ఉన్నా లేనట్టే.

నాబ్ సంగతికి వస్తాను. ఈ వీసీఆర్‌లలో పెట్టే వీహెచ్ఎస్ రకం టేపు మీద బొమ్మ ఏటవాలు గీతలుగా రికార్డవుతుంది. మన దేశంలో టీవీకి వాడే పాల్ (PAL) పద్ధతిలో ఒక్కో గీత వెడల్పు మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు. లోపల సెకనుకి 25 చుట్లు తిరిగే డ్రమ్ము మీదున్న హెడ్లు సరిగ్గా ఆ గీత మీదే నడవాలి. ఏ గీత ఎక్కడుందో చెప్పడానికి టేపు కింది అంచున గుర్తులుంటాయి, వాటిని చదివే హెడ్ వేరే ఉంటుంది. ఆ హెడ్ ఒక్కో మెషీన్‌లో వెంట్రుకవాసి అటో ఇటో ఉంటుంది. అందుకే ఒక మెషీన్‌లో రికార్డు చేసిన టేపుని ఇంకో మెషీన్‌లో పెడితే, హెడ్లు గీత మీద కాకుండా పక్కగా పోతాయి. తెర మీద అడ్డంగా చుక్కల పట్టీ వచ్చేది దానివల్లే. నాబ్ తిప్పితే టైమింగు కొద్దిగా మారి, హెడ్లు మళ్లీ గీత మీదకి వస్తాయి. సొంతంగా రికార్డు చేసుకున్న టేపులకి దీని అవసరం రాదు. పెళ్లి క్యాసెట్టు మాత్రం ఎప్పుడూ పరాయి మెషీన్‌లో రికార్డయిందే.

మా అక్క పెళ్లి 1990లో అయింది. వీడియో తీసినాయన అసలు క్యాసెట్టు బావ వాళ్లకిచ్చి, మాకు దాని కాపీ ఇచ్చారు. బావ వాళ్ల క్యాసెట్టు బీరువా అడుగున ఉండి ఉండి బూజు పట్టి పనికిరాకుండా పోయింది. సముద్రం దగ్గరి ఊళ్లలో ఇది మామూలే. టేపు అంచుల మీద తెల్లగా పొర కడుతుంది. మిగిలింది మా కాపీ ఒక్కటే. దాన్ని పెన్‌డ్రైవులోకి ఎక్కించమని నెల్లూరులో ఒక షాపులో ఇచ్చాం. ముహూర్తం దాకా పరవాలేదు. అప్పగింతల దగ్గరికొచ్చేసరికి బొమ్మ వణుకుతూ, మధ్యమధ్యలో నీలం తెర పడుతూ, చూడలేనట్టుంది. "టేపే పోయింది సార్, ఇంతకన్నా రాదు" అన్నారు. ఇల్లంతా నమ్మేశాం.

తర్వాత ఒక సంక్రాంతికి అక్క వచ్చినప్పుడు అదే టేపుని మా మెషీన్‌లో పెట్టాం. మొదట అదే వణుకు. నాబ్‌ని ఎడమ వైపుకి నెమ్మదిగా తిప్పుతూ పోయాను. చుక్కల పట్టీ తెర మధ్య నుంచి కిందికి జారింది. ఇంకొంచెం తిప్పితే దాదాపు అడుగుకి పోయింది, పైనంతా శుభ్రంగా నిలబడింది. అక్క చేయి పట్టుకుని ఏదో చెబుతున్న ముసలామె మొహం స్పష్టంగా కనబడింది. "ఒరే, జేజి రా! జేజి!" అని అక్క కుర్చీలోంచి లేచింది. మా జేజి ఫొటోలు దిగేది కాదు. ఆమె కదులుతూ, మాట్లాడుతూ కనిపించేది ఆ టేపులో ఆ కాసేపే. ఆ రోజు నాబ్ మీద పెట్టిన వేలు చివరిదాకా తీయలేదు.

షాపువాళ్లు అబద్ధం చెప్పారని నేననను. వాళ్ల దగ్గరున్నది ఆటోమేటిక్ ట్రాకింగ్ మెషీన్. సిగ్నల్ ఎక్కడ గట్టిగా వస్తే అక్కడ అది ఆగుతుంది. మంచి టేపుకి అది హాయి, మనం ముట్టుకోనక్కర్లేదు. కాపీ టేపులో సిగ్నలే బలహీనం, పైగా ఒకచోట ఉన్నట్టు ఇంకోచోట ఉండదు. సిగ్నల్ కాస్త తగ్గగానే అది మళ్లీ వెతకడం మొదలుపెడుతుంది, వెతికినంతసేపూ బొమ్మ పాడవుతుంది. మనిషి అలా చేయడు. కింద కొంచెం పట్టీ ఉన్నా పరవాలేదు, మొహాలు బాగుంటే చాలు అనుకుంటాడు. ఆ తేడా యంత్రానికి తెలియదు. కొన్ని ఆటోమేటిక్ మెషీన్లకి రిమోట్ మీద ట్రాకింగ్ ప్లస్, మైనస్ బటన్లుంటాయి. అవీ పనికొస్తాయి. కానీ సెకండ్ హ్యాండ్ మెషీన్లలో ముందుగా పోయేది రిమోటే.

ఇంత మెచ్చుకున్నాక, ఇదే మెషీన్ పెట్టిన కష్టం కూడా చెప్పాలి. రోహిణి కార్తె. మధ్యాహ్నం చిన్నాన్న కూతురి పెళ్లి క్యాసెట్టు ఆడుతోంది. ఉన్నట్టుండి టక్‌మని ఆగిపోయింది. ఎజెక్ట్ నొక్కితే క్యాసెట్టు సగం బయటికొచ్చి నిలబడింది, దానికీ మెషీన్‌కీ మధ్య టేపు వేలాడుతోంది. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. చిన్నాన్న లాగబోతే మా ఆవిడ చేయి పట్టుకుని ఆపింది. ఆమె ఆపబట్టే ఆ టేపు దక్కింది.

మెకానిక్ ఇంటికొచ్చి పై మూత విప్పాడు. ఊళ్లో రేడియోలు, యాంప్లిఫయర్లు బాగుచేసే కుర్రాడు, వాళ్ల నాన్న దగ్గర నేర్చుకున్నాడు. టార్చి వేసి చూసి, "హెడ్ కాదన్నా, ఐడ్లర్ టైరు" అన్నాడు. నాకప్పటిదాకా ఆ పేరే తెలియదు. పావలా బిళ్లంత చక్రం చుట్టూ సన్నటి రబ్బరు. మోటారు నుంచి ఆ రబ్బరు రాపిడితోనే టేపు చుట్టుకునే రీలు తిరుగుతుంది. రబ్బరు ఎండిపోయి నున్నగా అయితే జారుతుంది, రీలు తిరగదు. ఇంకో వైపు టేపుని లాగే రోలరు మాత్రం లాగుతూనే ఉంటుంది. లాగిన టేపు చుట్టుకోకుండా లోపలే కుప్పపడుతుంది. రీలు తిరగడం లేదని మెషీన్ గమనించి ఆగిపోతుంది, కానీ అప్పటికే టేపు బయట పడి ఉంటుంది. "జపానోళ్ల మోటార్లు ఎండకి తట్టుకుంటాయన్నా, రబ్బరు ఏం చేస్తాది?" అన్నాడు.

అతను చేసిన పని నేను దగ్గర కూర్చుని చూశాను. ప్లగ్గు తీసేయించాడు. టేపుని డ్రమ్ము చుట్టూ చేర్చే లోడింగ్ మోటారు పుల్లీని వేలితో కొంచెం కొంచెంగా తిప్పి, డ్రమ్ము చుట్టూ ఉన్న టేపుని వదులు చేశాడు. ఎక్కడా లాగలేదు. క్యాసెట్టు కింది వైపున్న ఐదు స్క్రూలు విప్పి, నలిగి ముడతలు పడ్డ ముక్కని మాత్రం కత్తిరించి, రెండు కొసల్నీ వెనక వైపు నుంచి అతికించాడు. బొమ్మ ఉండే వైపు జిగురు తగిలితే హెడ్లు పోతాయట. పెళ్లిలో భోజనాల దగ్గర కొన్ని సెకన్లు పోయాయి, అంతే. టైరుని తీసి లోపలి వైపు బయటికి తిరగేసి ఎక్కించి, "కొన్నాళ్లు ఇట్లా లాగించండి, చెన్నై రిచ్చీ స్ట్రీట్ నుంచి కొత్తది తెప్పిస్తా" అన్నాడు. తెప్పించాడు కూడా. దాంతోపాటు బెల్టులూ మార్పించాను. ఆ తర్వాత మెషీన్ టేపు నమిలింది లేదు. అయినా ఎండాకాలంలో మధ్యాహ్నం పూట పెట్టడం మానేశాం. చాలాకాలం వాడకుండా ఉంచి తీసినప్పుడు, ముందు పనికిరాని టేపు ఒకటి ఆడించి చూస్తాం.

వానాకాలానిది ఇంకో రకం. 2015 నవంబరులో జిల్లా అంతా వానలు ముంచెత్తినప్పుడు మెషీన్ ఆన్ అయ్యేదిగానీ టేపు తీసుకునేది కాదు. లోపల తేమ ఉంటే ఆడకుండా ఆపే సెన్సారు ఉంటుంది. తడి డ్రమ్ముకి టేపు అతుక్కుపోకుండా ఆ జాగ్రత్త. దాన్ని తిట్టుకోనక్కర్లేదు, ఆరేదాకా ఆగాలి.

నాబ్ గురించి మొదట అంత గట్టిగా చెప్పాను కాబట్టి ఇదీ చెప్పాలి. అది అన్నిటికీ మందు కాదు. చుక్కల పట్టీ ఎప్పుడూ తెర పైభాగంలోనో కిందిభాగంలోనో మాత్రమే ఉండి, ఎంత తిప్పినా కదలకపోతే, టేపు దారి చూపే గైడ్ల ఎత్తు తేడా వచ్చిందన్నమాట. అది మెకానిక్ పని. తెరంతా చుక్కలే అయితే హెడ్లు మురికిపట్టాయేమో చూడాలి. దూదిపుల్లతో తుడిచారంటే నూలుపోగు తగులుకుని హెడ్ విరగొచ్చు. మెత్తని తోలుని స్పిరిట్‌తో తడిపి హెడ్‌కి ఆనించి, డ్రమ్ముని మాత్రం తిప్పాలి. తోలుని పైకీ కిందికీ రుద్దకూడదు. నాబ్ లోపల కార్బన్ పూత ఉంటుంది, అదీ అరుగుతుంది. మాది ఈ మధ్య అరిగి, తిప్పుతుంటే ఒకచోట బొమ్మ ఎగురుతోంది. ఆ చోటు దాటించి పెట్టుకుంటున్నాం.

కొనేటప్పుడు మీ పెళ్లి క్యాసెట్టు తీసుకెళ్లకండి, పోయినా పరవాలేదనుకునే టేపు తీసుకెళ్లండి. ఇంకెవరో రికార్డు చేసినదై ఉండాలి. వెనక 100, 110 లేదా 120 వోల్టులు మాత్రమే అని ఉంటే వదిలేయండి. అలాంటివి అమెరికా, జపాన్‌లలో వాడుకకి, అక్కడి టీవీ పద్ధతి ఎన్‌టీఎస్‌సీకి చేసిన మెషీన్లు అయ్యుంటాయి, మన క్యాసెట్లు వాటిలో సరిగ్గా ఆడవు. ముందుకీ వెనక్కీ చివరిదాకా తిప్పించండి. రివైండులో మధ్యలో నీరసపడితే టైరు పోయినట్టే, ఆ మేరకు ధర తగ్గించమనండి. తర్వాత ఆడిస్తూ నాబ్ తిప్పి చూడండి.

మాకు ఈ మెషీన్ బాగా ఉపయోగపడింది, అందులో అనుమానం లేదు. కానీ మాకు క్యాసెట్లు ఒక ట్రంకు పెట్టె నిండా ఉన్నాయి, నడిచి వెళ్లేంత దూరంలో పని తెలిసిన మెకానిక్ ఉన్నాడు, వీసీఆర్ తగిలించే ఆడియో-వీడియో (AV) పిన్నులున్న పాత టీవీ ఇంకా పనిచేస్తోంది. ఈ మూడూ లేనివాళ్లకి కొనమని నేను గట్టిగా చెప్పలేను. నాలుగైదు క్యాసెట్లే ఉంటే షాపులో ఎక్కించుకోవడమే మేలు. దగ్గర కూర్చుని చేయించుకోండి. బొమ్మ సరిగ్గా రాకపోతే, చేత్తో ట్రాకింగ్ మార్చే మెషీన్ ఉన్న ఇంకో షాపులో కూడా చూపించి అడగండి. టేపు పోయిందని చెప్పగానే పారేయకండి.