పన్నెండంగుళాల బేస్ ట్యూబ్ పీకించాక కారులో పాట వినబడింది

మాది రాజోలు దగ్గర. రోజూ పాలకొల్లు వెళ్లొస్తాను, దిండి-చించినాడ వంతెన మీదుగా. పొద్దున, సాయంత్రం కలిపి గంటన్నర దాకా కారులోనే గడుస్తుంది కాబట్టి పాటలు లేకపోతే నాకు నడవదు. బండి సెకండ్ హ్యాండ్ స్విఫ్ట్, దాంతో వచ్చిన స్పీకర్లు రెండు వానాకాలాలకే గరగరమన్నాయి. వాటిని మార్పించబోయి ఒక షాపులో దెబ్బతిని, తర్వాత భీమవరంలో ఇంకో షాపులో బాగుచేయించుకున్న సంగతే ఈ రివ్యూ.

పోయిన సంక్రాంతికి ముందు ఒక షాపుకి వెళ్లాను. పేరు వద్దులెండి. ఆయన నన్ను చూసీ చూడగానే "తమ్ముడూ, పన్నెండంగుళాల ట్యూబ్ వేయించుకో, నువ్వొస్తున్నావని వీధి చివరికే తెలుస్తుంది" అన్నాడు. ట్యూబ్ అంటే డిక్కీలో పెట్టే గొట్టం లాంటి పెద్ద బేస్ స్పీకరు. నేనొస్తున్నట్టు వీధికి తెలియాలని నాకేం సరదా లేదు గానీ, అట్టపెట్టె మీద 1000 వాట్లు అని పెద్ద అక్షరాలు చూసి పడిపోయాను. ట్యూబు, యాంప్లిఫైయరు, డోర్లలోకి ఏవో రెండు స్పీకర్లు, వైర్లు, కూలీ అంతా కలిపి 14 వేలు వదిలింది.

వారం రోజులు బాగానే ఉంది. తర్వాత తెలిసింది, ఏ పాట పెట్టినా ఒకటే బుమ్ బుమ్. జాతరలో గరగల ముందు కొట్టే డప్పు రికార్డు ఒకటి ఉంది నా దగ్గర, దాంట్లో దెబ్బకీ దెబ్బకీ మధ్య ఖాళీ వినబడాలి, అది మొత్తం ఒకే మోతలో కలిసిపోయింది. నంబరు ప్లేటు ఒక పక్క, డిక్కీ తలుపు ఒక పక్క అదిరిపోతూ పాటకి తాళం కొడుతున్నాయి. మా నాన్నగారు ఒక రోజు ఎక్కి రెండు కిలోమీటర్లు ఓర్చుకుని, "ఒరేయ్, ఇది కారా రైసు మిల్లా" అన్నారు. డిక్కీ కూడా పోయింది, అది ఇంకా పెద్ద గొడవ. మా ఇంట్లో డిక్కీ అంటే కొబ్బరికాయల బస్తా, చుట్టాలొస్తే వాళ్ల సామాను. ఆ ట్యూబు అడ్డంగా పడుకుంటే ఇంక ఏం పెడతాం?

మొత్తానికి భీమవరంలో ఒక చిన్న షాపు గురించి ఫ్రెండు చెప్తే వెళ్లాను, ఈ రివ్యూ అసలు దాని గురించే. బోర్డు కూడా సరిగ్గా కనబడదు. కుర్రాడు నా కంటే చిన్నవాడు. ఏదో ఒకటి అంటగడతాడనుకుంటే ముందు కూర్చుని పాట పెట్టమన్నాడు, బ్యాలెన్సు పూర్తిగా ఎడమకి తిప్పాడు, కుడికి తిప్పాడు, మళ్లీ మధ్యకి తెచ్చాడు. "అన్నయ్యా, ఒక్క పక్కకి తిప్పితే బేస్ పెరుగుతోంది, మధ్యలో పెడితే పోతోంది, విన్నారాండీ?" అన్నాడు. అప్పుడు వినబడింది నాకు. కంపెనీ కప్లరు (వైర్లు కలిపే ప్లగ్గు) కోసేసి వైర్లు మెలిపెట్టిన మొదటి షాపువాళ్లు ఒక డోరులో ప్లస్ మైనస్ తిరగేశారు. ఒక స్పీకరు కోను, అంటే ముందు ఊగే గరాటు లాంటి భాగం, బయటికి తోస్తుంటే రెండోది లోపలికి లాగుతోంది, రెండూ కలిసి బేస్‌ని చంపేస్తున్నాయి. డోరు ప్యాడు విప్పి, మామూలు పెన్సిల్ సెల్లు ఒకటి స్పీకరు వైర్లకి తాకించి చూపించాడు. సరిగ్గా ఉంటే కోను బయటికి రావాలి, నాది లోపలికి పోయింది. సరిచేసి, దానికి డబ్బులొద్దన్నాడు. సగం నమ్మకం నాకక్కడే కుదిరింది.

వాట్ల సంగతి కూడా అతనే తేల్చాడు. ట్యూబు తిప్పి వెనక చీటీ చూపిస్తే ఆ 1000 కింద చీమ తలకాయంత అక్షరాల్లో ఆర్‌ఎమ్‌ఎస్ 200 అని ఉంది. ఆగకుండా మోయగలిగేది ఆ 200, పైనున్నది క్షణం పాటు తట్టుకునే లెక్క. స్టీరియో మీద 50 ఇంటూ 4 అని ఉంటుంది కదా, అదీ అంతే, యాంప్లిఫైయరు లేకుండా నిజంగా ఒక్కో స్పీకరుకి వచ్చేది 15 నుంచి 20 వాట్లు. అందుకని స్పీకరు కొనేటప్పుడు వాట్లు కాదు, సెన్సిటివిటీ చూడమన్నాడు, అంటే అదే పవర్‌కి ఏ స్పీకరు ఎంత గట్టిగా పలుకుతుందన్న లెక్క. 87 డెసిబెల్స్ స్పీకరు, 90 ఉన్న దానంత గట్టిగా పలకాలంటే రెట్టింపు పవర్ కావాలి. స్టీరియో మీదే నడిపేవాళ్లకి 90 పైన ఉన్నదే మంచిది.

నేను ముందు డోర్లకి ఆరున్నర అంగుళాల కాంపోనెంట్ సెట్టు తీసుకున్నాను, ట్వీటర్లు (సన్న మోత పలికే చిన్న స్పీకర్లు) విడిగా వచ్చేది, 6,500. వెనక పాతవే ఉంచేశాడు, "వెనక కూర్చునేది పిల్లలేగా అండీ" అని. కోను పేపరుది వద్దని పాలీప్రొపిలీన్‌ది ఇచ్చాడు. మన దగ్గర వానలకి అద్దం మీద నుంచి నీళ్లు డోరు లోపలికి దిగుతాయి, పేపరు నానుతుంది. స్పీకరు కింద రింగు కూడా ఎండీఎఫ్ చెక్క కాదు, ప్లాస్టిక్‌ది. చెక్కది ఈ తేమకి మరమరాల ఉండలా ఉబ్బుతుందట.

అసలు తేడా మాత్రం డ్యాంపింగు షీట్లలో వచ్చింది, డోరు రేకుకి అతికించేవి. ముందు నాకు ఇది డబ్బు గుంజడమే అనిపించింది, రేకు ముక్కలకి 4 వేలా అని. డోరు లోపల రేకుకి పెద్ద పెద్ద కన్నాలుంటాయి, స్పీకరు వెనక వైపు గాలి ఆ కన్నాల్లోంచి ముందుకొచ్చి ముందున్న మోతని కొట్టేస్తుంది. ఆ షీట్లతో అవి మూసేసరికి అదే స్పీకరు, అదే స్టీరియో, తబలా ఎడమ చేతి దెబ్బ వినబడింది. బ్యూటైల్ (ఒక రకం రబ్బరు) షీటే అడగండి, తారు షీటు ఎండకి కరిగి కంపు కొడుతుంది. డోరు అడుగున నీళ్లు పోయే కన్నాలు మాత్రం మూయనివ్వకండి, మూస్తే తుప్పే. అతికిస్తున్నంతసేపూ నేను పక్కనే నిలబడి చూశాను.

సబ్‌వూఫరు, అంటే ఒట్టి బేస్ కోసం విడిగా పెట్టే స్పీకరు, వద్దనుకునే వెళ్లాను, చివరికి సీటు కింద పట్టే 8 అంగుళాలది ఒకటి పెట్టించుకున్నాను, యాంప్లిఫైయరు దాంట్లోనే ఉంటుంది. 9 వేలు. పెట్టె చుట్టూ మూసి ఉంటుంది కాబట్టి దెబ్బ పడి ఆగుతుంది. ట్యూబుకి వెనక కన్నం ఉంటుంది, అది ఏ మోతకి కుదిరితే ఆ మోతే ఎగదోస్తుంది, నా ఒకటే బుమ్ బుమ్ అక్కడిదే. బయట కొన్న స్టీరియో కాబట్టి హెచ్‌పీఎఫ్ అనే సెట్టింగు ఉంది, డోర్లకి బరువు మోత వెళ్లకుండా ఆపేది. దాన్ని 80 హెర్ట్జ్ దగ్గర పెట్టి, సబ్‌లో సన్న మోతని ఆపే ఎల్‌పీఎఫ్ కూడా అక్కడే పెట్టాడు, బరువు మోత సబ్ మోస్తుంది, డోర్లు ఊపిరి పీల్చుకుంటాయి. యాంప్లిఫైయరు మీద ఉండే గెయిన్ వాల్యూమ్ కాదని, స్టీరియో నుంచి వచ్చే సిగ్నల్‌కి దాన్ని సరిపెట్టడానికని నాలుగుసార్లు చెప్పాడు. బ్యాటరీ దగ్గర అడుగున్నర లోపే ఫ్యూజు వేశాడు, పాత షాపువాడు అసలు వేయనేలేదు. అది చూశాక ఆ రాత్రి కాస్త టెన్షన్ పడ్డాను. వైరు రాగిదే వేయమన్నాను, రాగిపూత అల్యూమినియంది మన ఉప్పు గాలికి తొందరగా పాడవుతుంది.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. బాగా లోతైన బేస్ దీంట్లో రాదు, 40 హెర్ట్జ్ కింద చేతులెత్తేస్తుంది, పెళ్లి ఊరేగింపులో ఊపేద్దామనుకునేవాళ్లు డిక్కీలో మూసిన పెట్టె కట్టించుకోవాల్సిందే. వరదలప్పుడు లంక కాజ్‌వేల మీద నుంచి వెళ్లే అలవాటున్నవాళ్లకి సీటు కింద సబ్ నేను చెప్పను, నీళ్లు లోపలికొస్తే ముందు మునిగేది అదే. ట్వీటర్లు కాస్త సూదిగా ఉన్నాయి, ట్రెబుల్ రెండు తగ్గించి వింటున్నాను. పని కూడా ఒక రోజన్నాడు, రెండు రోజులు పట్టింది, బస్సులో తిరిగాను.

పాత ట్యూబుని మా బాబాయ్ గారబ్బాయి వినాయక చవితి పందిరికని పట్టుకెళ్లాడు. నాన్నగారు మాత్రం వంతెన మీద పాత పాట పెట్టమని అడుగుతున్నారు ఇప్పుడు. ఎడమ డోరు హ్యాండిల్ దగ్గర ఇంకా ఏదో చిన్నగా టిక్కుమంటోంది, ఒకే ఒక్క పాటకి. ఆదివారం తీసుకురమ్మన్నాడు, ఆ పాటే పెట్టుకుని రమ్మన్నాడు.